రెండద్దాల తలుపు

ఈ మధ్య మా పాత ఆఫీసు మిత్రుడొకాయన పటమటలో కొత్త ఫ్లాట్ కొనుక్కుని గృహప్రవేశానికి పిలిచాడు. భోజనాలయ్యాక మమ్మల్నందరినీ హాల్లోకి తీసుకెళ్ళి, బాల్కనీ వైపున్న పెద్ద అద్దాల తలుపు ముందు నిలబెట్టాడు. ముందు దాన్ని బార్లా తీశాడు. కింద రోడ్డు మీది హారన్లు, ఆటోల గోల, ఎక్కడో రాళ్ళు కోస్తున్న మిషను చప్పుడు కలగలిసి లోపలికి వచ్చాయి. తర్వాత తలుపు జరిపి హ్యాండిల్ కిందికి తిప్పాడు. రోడ్డు అలాగే నడుస్తోంది. చప్పుడు మాత్రం లేదు. అందరూ మెచ్చుకున్నారు. నేను తలుపు మూలకు వెళ్ళి రబ్బరు పట్టీని బొటనవేలితో నొక్కి చూశాను.

"ఏం చూస్తున్నారండీ?" అన్నాడు మిత్రుడు.

"రబ్బరు ముందు మూలల్లోనే వదులవుతుందండీ. ఆర్నెల్లకోసారి చూసుకుంటూ ఉండండి."

"వీటి సంగతి మీకు బాగా తెలిసినట్టుందే."

"మా వదినకు తెలుసు," అన్నాను.

వదిన పోయి ఏడాది కావస్తోంది. ఆ మాట అక్కడ చెప్పవలసిన అవసరం కనబడలేదు.

త్వరగానే బయలుదేరి వచ్చేశాను. అన్నయ్య మధ్యాహ్నం మందుకు నిద్రపోయే వేళలోనే నేను ఎక్కడికైనా వెళ్ళి రావాలి. ఇప్పుడు నేనుంటున్నది వదిన ఇంట్లోనే, అన్నయ్యతో. ఆయన ఇంకా లేవలేదు కాబట్టి కూర్చుని పాత డైరీలు తిరగేశాను. నేను వదిన ఇంటికి వచ్చిపోయిన తేదీలన్నీ ఉన్నాయి. ఏ మందు ఎప్పుడు మార్చారో, ఏ కిటికీకి రబ్బరు వేయించారో, దానికెంత అయిందో పైసలతో సహా ఉంది. ఆమె అన్న మాట ఒక్కటి కూడా లేదు. రాసుకోవలసినవని నాకు అప్పుడు తోచలేదు.

అన్నయ్యకు రోడ్డు ప్రమాదంలో తలకు దెబ్బ తగిలింది. ప్రాణం దక్కింది, నడక వచ్చింది, మనుషులను గుర్తుపట్టడం చాలావరకు వచ్చింది. పోయింది ఒక్కటే: చప్పుడును ఓర్చుకునే శక్తి. లారీ హారన్ వినిపిస్తే రెండు చేతులతో చెవులు మూసుకుని, అప్పటికీ ఆగకపోతే తలను గోడకేసి కొట్టుకునేవాడు. ఫ్లాటేమో గన్నవరం వెళ్ళే పెద్దరోడ్డును ఆనుకుని ఉంది. కొత్తచోటికి మారిస్తే ఆ చోటుకే భయపడిపోతాడు. పల్లెలో నిశ్శబ్దంగా ఉంటుందనుకుని ఒకసారి కూచిపూడి దగ్గరున్న వదిన పుట్టింటికి తీసుకెళ్ళి చూశాం. తెల్లవారకముందే గుడి మైకు, దాని వెనక కోళ్ళు, ఆ వెనక వరికోత మిషన్లు. మూడో రోజు కారులో తిరిగి వస్తూ వదిన అంది:

"పల్లెటూళ్ళు ప్రశాంతంగా ఉంటాయని రాసేవాళ్ళని తీసుకొచ్చి ఆ మైకు కింద మంచం వెయ్యాలి మరిదీ."

అప్పుడే ఇంట్లో తలుపులూ కిటికీలూ అన్నీ పీకించి డబుల్ గ్లాసువి పెట్టించింది. రెండు అద్దాలు, వాటి మధ్య పొడిగాలి, చుట్టూ రబ్బరు. అన్నయ్యకు నిద్రపట్టింది. గోడకు కొట్టుకోవడం ఆగింది. తన మనిషి మిగలాలంటే ఆ ఇల్లు మూసి ఉండాలి. మూసి ఉన్నంతకాలం తనూ లోపలే ఉండాలి. వదిన జీవితం ఇక అంతే అయింది. ఆ మాట ఆమె ఎప్పుడూ అనలేదు. రబ్బరు గురించి మాత్రం చాలా మాట్లాడేది.

ఆ ఇంట్లో కుక్కరు లేదు. అన్నం గిన్నెలో వార్చేది. పచ్చడి ఎదురింటావిడ మిక్సీలో తిరిగి వచ్చేది. కాలింగ్ బెల్ తీయించి, నొక్కితే వెలిగే ఎర్రబల్బు పెట్టించింది. స్టీలు గిన్నెల కింద పాత చీర ముక్కలు పరిచేది. ఆమె గొంతు కూడా క్రమంగా తగ్గి, పక్కన కూర్చున్నవాడికి మాత్రం వినిపించేంతకు వచ్చి ఆగింది. నవ్వొస్తే కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. భుజాలు కదలడాన్ని బట్టి ఎంత నవ్వుతోందో నేను గ్రహించవలసి వచ్చేది.

ఆడవాళ్ళు పుస్తెలతాడుకు పిన్నీసులు తగిలించుకుంటారు. వదిన వాటి పక్కన ఒక ఎలన్ కీ కూడా తగిలించుకుంది. కిటికీ తలుపు కాస్త కిందికి జారినా, హ్యాండిల్ పట్టు తప్పినా, అక్కడికక్కడే తాడు పైకి తీసి, తల వంచి, ఆ కీతో మర బిగించేది. మెడలోంచి తీసేది కాదు కాబట్టి, కింది మరలు బిగించేటప్పుడు దండం పెట్టుకుంటున్నట్టు కనబడేది. కిటికీలకు వరసలు పెట్టింది. వంటింటి కిటికీ అత్తగారు: "దీన్ని బతిమాలాలి, గట్టిగా లాగావా ఇంక రోజంతా సాధిస్తుంది." పడగ్గది కిటికీ ఆడపడుచు: "చూడటానికి బాగానే మూసుకున్నట్టుంటది, ఎక్కడో సందు వదుల్తది." మరిది ఏ కిటికీ అని ఒకసారి అడిగాను.

"బాత్రూం వెంటిలేటరు. ఎప్పుడన్నా పనికొస్తావు," అంది.

రోజూ ఉదయం పూజ కాగానే వెలిగించిన ఊదొత్తితో ఇల్లంతా తిరిగేది. ప్రతి కిటికీ ముందూ ఆగి, అంచు వెంబడి నెమ్మదిగా తిప్పి, పొగను కన్నార్పకుండా చూసేది. ఎదురింటావిడ అది చూసి, మీ వదినగారి భక్తి ఎవరికీ రాదండీ అని నాతో అంది. ఆ మాట వదినకు చెప్పాను. కొంగు నోటికి వెళ్ళింది.

"భక్తా పాడా. పొగ నిటారుగా లేస్తే సరే. పక్కకి వాలిందా, అక్కడ సందున్నట్టు. నువ్వు ఆవిడకి చెప్పకు, అప్పుడప్పుడూ ప్రసాదం పంపిస్తోంది."

సందు దొరికినచోట కాగితంతో మరోసారి పరీక్ష. తలుపు సందున కాగితం ముక్క పెట్టి మూసి లాగేది. బిగుసుకుంటే రబ్బరు బాగున్నట్టు, జారి వచ్చేస్తే మార్చాల్సినట్టు. ఆ ముక్కలన్నీ శుభలేఖల్లోంచి కత్తిరించినవి. పెళ్ళిళ్ళకు వెళ్ళలేదు గనక శుభలేఖలు పోగుపడేవి. చిన్ననాటి స్నేహితురాలి కూతురి శుభలేఖ ఒకటి ఆమె కత్తిరిస్తుంటే చూసి, నేను ఉంటాను, మీరు వెళ్ళి రండి వదినా అన్నాను.

"కాగితం దళసరిగా వేయించారు పాపం," అని ఇంకో ముక్క కత్తిరించింది.

హాల్లోని బాల్కనీ తలుపు దగ్గర ఆమె కుర్చీ ఉండేది. అక్కణ్ణించి కింద రోడ్డు, రోడ్డవతల ఏలూరు కాలువ, దాని గట్టు మీద మనుషులు కనబడేవారు. చప్పుడు లేని లోకం. అయినా చూసి అన్నీ చెప్పేది. కాలువకు నీళ్ళు వదిలిన సంగతి పేపరు కంటే ముందు ఆమెకే తెలిసేది. కూరగాయల బండివాడు కింద ఆగి పైకి చూసేవాడు. ఒక్కో కూర ఎత్తి చూపేవాడు. వదిన అద్దం ఇవతల తల అడ్డంగా ఊపేది, లేకపోతే అరకేజీకి చెయ్యి సగానికి కోసినట్టు చూపేది. వంకాయ పుచ్చిందన్నట్టు మొహం పెడితే, వాడు దాన్ని విరిచి చూపించి నొచ్చుకునేవాడు. బేరం తెగాక వాచ్‌మన్ పైకి తెచ్చేవాడు. రోజుకొకసారి జరిగే ఈ బేరమే ఆమె బయటికి వెళ్ళి రావడం.

ఒక వర్షాకాలం ఆ తలుపుకే పొగమంచు పట్టింది. నేను వెళ్ళేసరికి వదిన చేతిలో గుడ్డతో నిలబడి ఉంది.

"ఇటు తుడిచాను. ఆయన నిద్రపోయాక అటూ తుడిచాను. పోలేదు. మధ్యలో ఉంది మరిదీ. అటూ కాదు, ఇటూ కాదు."

వన్‌టౌన్ నుంచి కిటికీలు బాగుచేసే భాయ్‌ని పిలిపించాను. మాటకారి మనిషి. తలుపు తట్టకుండానే, మా ఫోన్ మాట మీదే రోగం తేల్చేశాడు. వచ్చి చూసి మళ్ళీ అదే అన్నాడు.

"కంపెనీ డిఫెక్ట్ అమ్మా. రెండద్దాలకీ మధ్య గమ్ము వదిలేసింది. తేమ లోపలికి పోయింది. ఇది తుడిస్తే పోయేది కాదు, అద్దం జత మొత్తం మార్చాల్సిందే."

"మిగిలిన కిటికీలు కూడా ఆ కంపెనీవే కదా. వాటికి రాలేదే?"

"కొన్నిటికి వస్తాయమ్మా, కొన్నిటికి రావు. అంతా నసీబు."

వదిన ఒప్పుకోలేదు. తలుపు కింద కూర్చుని, అడుగుపట్టీని వేలితో తడిమింది. వాననీళ్ళు పట్టీలోకి దిగినా బయటికి పోవడానికి దానికి సన్నటి రంధ్రాలుంటాయి. పుస్తెలతాడు నుంచి పిన్నీసు తీసి ఒక రంధ్రంలో గుచ్చింది. పసుపు పెచ్చు ఊడి వచ్చింది. రెండో దాంట్లోంచీ అదే. గట్టిపడి, వరి పొట్టంత ముక్కలుగా రాలింది. శుక్రవారం శుక్రవారం గడపకు పసుపు రాసి బొట్లు పెట్టడం ఆమె మానలేదు. ఆ ఫ్లాటులో వీధిగుమ్మానికి చెక్కగడప ఒకటుంటే, దాంతోపాటు ఈ తలుపు అడుగుపట్టీనీ గడప కిందే లెక్కేసి పసుపు పూసింది. పసుపునీళ్ళు రంధ్రాల్లోకి దిగి పేరుకున్నాయి. వాననీళ్ళకు దారి లేక పట్టీలోనే నిలిచి, అద్దాల అంచును నానబెట్టాయి.

భాయ్ ఆ ముక్కలను అరచేతిలో పోసుకుని చూశాడు.

"అమ్మా, ఇంకొంచెం వేస్తే కూర వండుకోవచ్చు," అన్నాడు.

వదిన భుజాలు కదిలాయి. చాలాసేపు కదిలాయి.

"మా నాన్న చేలో మురుగుబోదె పూడితే ఆ పూట అన్నం తినేవాడు కాదు. నీళ్ళు పెట్టడం ఎవడైనా పెడతాడు, తియ్యడం తెలియాలి అనేవాడు. ఆయన కడుపున పుట్టి నేను చేసిన పని చూడు."

కొత్త అద్దం జత కొలత ప్రకారం చేయించి తెస్తానన్నాడు భాయ్. బిగించేటప్పుడు మాత్రం పాతది తీసి, చట్రం శుభ్రం చేసి, కొత్తది పెట్టేదాకా గోడలో అంత ఖాళీ ఉంటుంది. రోడ్డంతా ఇంట్లోకి వస్తుంది.

"ఎంతసేపు?"

"గంట. మా ఎక్కువైతే గంటన్నర."

"ఆయన గంట కాదు, అరనిమిషం ఆగలేరు. వద్దులెండి."

అలా వదిన వద్దన్నాక ఆ మంచు పొర చిక్కబడుతూ పోయింది. తలుపు పాలగాజులా తయారైంది. కుర్చీ అక్కడే ఉంది. ఆమె అందులో కూర్చునేది కూడా. రోడ్డు మీది బండ్లు నీడలుగా కదిలేవి. బండివాడు కింద నిలబడి చెయ్యెత్తేవాడట. ఆమెకు తెలిసేది కాదు. కొన్నాళ్ళకు ఆగడం మానేశాడని వాచ్‌మన్ చెప్పాడు. ఒకరోజు నేను వెళ్తే, ఎప్పుడూ లేనిది, వదిన నన్నడిగింది:

"వచ్చేప్పుడు చూశావా, కాలవకి నీళ్ళొదిలారా?"

"గమనించలేదు వదినా."

"అదేంటి, పక్కనుంచే గదా వచ్చావు," అని లోపలికి వెళ్ళిపోయింది.

అన్నయ్యకు ఏడాదికోసారి చేసే పరీక్షలకు ఆసుపత్రిలో దాదాపు రోజంతా ఉంచుకుంటారు. ఎప్పుడూ ఇద్దరం కలిసి తీసుకెళ్ళేవాళ్ళం. ఆయన దగ్గర ఉండగలిగేది మేమిద్దరమే. ఇంకెవరు చెయ్యి వేసినా పెనుగులాడతాడు. ఆ ఏడు వదిన, నువ్వొక్కడివే తీసుకెళ్ళు అంది. భాయ్‌ని ఆ రోజుకు రమ్మని కబురు పెట్టింది. అన్నయ్య చెవులకు దూది పెట్టి, పైన మఫ్లరు చుట్టి, కారు అద్దాలు ఎత్తించి నేను తీసుకెళ్ళాను.

ఆ రోజు ఇంట్లో జరిగింది నాకు తర్వాత భాయ్ కొంత, వదిన కొంత చెప్పారు. భాయ్ పాత అద్దాలు తీసి గోడకు ఆనించాడు. చట్రం తుడిచాడు. కొత్తది ఎత్తబోతుంటే వదిన ఆపింది.

"మీరెళ్ళి భోంచేసి రండి."

"పెట్టేసి వెళ్తానమ్మా. పావుగంట పని."

"తినేసి రండి. తొందరేం లేదు."

"వానొస్తే అమ్మా?"

"రానివ్వండి."

ఆయన వెళ్ళాడు. వదిన కుర్చీని ఆ ఖాళీలోకంటా జరుపుకుని కూర్చుంది. మధ్యాహ్నం కూరలబండి వచ్చింది. ఆమె కనబడగానే వాడు ఆగి, పాత అలవాటు కొద్దీ దొండకాయలు ఎత్తి చూపించాడు. వదిన నోరు తెరిచి అరిచింది:

"కేజీ ఎంతయ్యా?"

బండివాడు దొండకాయలు కింద పడేశాడు. ఇన్నేళ్ళుగా వాడామెను మూగమనిషి అనుకున్నాడు. ధర చెప్పడానికి బదులు, "అమ్మా, నీకు మాటొచ్చా?" అని కింద నుంచి కేక వేశాడు.

"వచ్చు. నువ్వు తక్కువ తూచినప్పుడల్లా తిట్టాను, నీకే వినపళ్ళేదు," అని పైనుంచి ఈవిడ.

ఇది చెబుతూ వదిన కళ్ళు తుడుచుకుంది. నవ్వుకే తుడుచుకుందని అప్పుడు నేననుకున్నాను.

పరీక్షలు ఆ ఏడు అనుకున్నదాని కంటే ముందే అయిపోయాయి. ఆసుపత్రి మెట్ల మీద నుంచి ఫోను చేశాను.

"వదినా, అయిపోయింది. బయల్దేరుతున్నాం."

ఫోనులో లారీలు, బస్సులు, ఎవరో ఎవరినో పిలవడం, గాలి. వాటి మధ్య నుంచి ఆమె గొంతు, చాలా ఏళ్ళ తర్వాత పూర్తి గొంతు:

"అప్పుడేనా?"

అంతే. మరుక్షణం, "సరే రండి, భాయ్‌ని పిలుస్తా," అంది మళ్ళీ పాత గొంతుతో. అన్నయ్య అప్పటికే మఫ్లరును రెండు చేతులతో అదుముకుని నా భుజంలో తల దాచుకున్నాడు. డ్రైవరును నెమ్మదిగా పొమ్మని నేను చెప్పలేకపోయాను. మేం వచ్చేసరికి తలుపు బిగించి ఉంది. అద్దం లేనట్టే ఉంది, అంత తేటగా. వదిన జుట్టు మీద, కనుబొమ్మల మీద రోడ్డు దుమ్ము సన్నగా పట్టి ఉంది. ఆమె దాన్ని సాయంత్రం దాకా కడుక్కోలేదు.

ఆ "అప్పుడేనా" విన్నాక నేను ఊరుకోలేదు. వాళ్ళ అక్కగారింట్లో పెళ్ళికి పట్టుబట్టి పంపించాను. అన్నయ్యను నేను చూసుకుంటానన్నాను. ఆమె బస్సెక్కిన కాసేపటికే అన్నయ్య వీధితలుపు దగ్గర నిలబడ్డాడు. నేను పిలిస్తే వచ్చాడు, కూర్చున్నాడు, మళ్ళీ లేచి తలుపు దగ్గరికి వెళ్ళాడు. అన్నం ముట్టలేదు. చివరికి తలతో తలుపును కొట్టడం మొదలుపెట్టాడు. చప్పుడు లోపలే పుడితే అద్దాలు ఏం ఆపుతాయి. ఫోను చేయక తప్పలేదు. వదిన పామర్రులో దిగి వెనక్కి బస్సెక్కింది. ఇంట్లోకి వచ్చి, పెళ్ళికని కట్టుకున్న పట్టుచీరతోనే ఆయనకు అన్నం కలిపింది.

"సగం దూరం వెళ్ళానుగా. సగం పెళ్ళి చూసినట్టే. నువ్వేం మొహం అట్లా పెట్టకు," అంది నాతో.

మళ్ళీ వెళ్ళమని నేను అనలేదు. వెళతానని ఆమె అనలేదు.

వదిన నిద్రలోనే పోయింది. గుండె అన్నారు. ఉదయం ఎర్రబల్బు ఎన్నిసార్లు నొక్కి వెలిగించినా తలుపు తీయలేదని ఎదురింటావిడ నాకు ఫోను చేసింది. నా దగ్గరున్న తాళంతో తీసి వెళితే, అన్నయ్య ఆమె మంచం పక్కన నేల మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి నోటి మీద వేలు పెట్టుకున్నాడు.

"పడుకోనియ్యరా," అన్నాడు.

బంధువులు వచ్చారు. ఊపిరాడటం లేదని ఎవరో ఒక కిటికీ తీశారు, మరొకరు మరొకటి. ఆ హడావుడికి అన్నయ్య వణికిపోతుంటే లోపలి గదిలోకి తీసుకెళ్ళి, పరుపులు అడ్డం పెట్టి కూర్చోబెట్టాను. హాల్లో మేళం మాట వచ్చింది.

"ఎట్లా పెట్టిస్తామమ్మా, లోపల ఆయనుంటే?" అన్నాడు మా పాలివాళ్ళ పెద్దాయన.

వదిన వాళ్ళ అక్కగారు గోడకానుకుని కూర్చుని ఉంది. ఆవిడ గొంతు పెంచలేదు.

"పుణ్యస్త్రీగా పోయింది. ఇన్నేళ్ళు నోరు నొక్కుకునే బతికింది. పోయేటప్పుడు కూడానా బాబాయిగారూ?"

అందరూ నా వైపు చూశారు.

"డప్పులు పిలిపించండి. గేటు దాటి రోడ్డెక్కాక మొదలుపెట్టమనండి. గట్టిగా కొట్టమనండి. నేను అన్నయ్య దగ్గరుంటాను," అన్నాను.

కుండ పట్టుకోవలసిన అన్నయ్య, ఆయన తర్వాత నేను, ఇద్దరమూ ఇంట్లోనే ఉండిపోయాం. పాలివాళ్ళ కుర్రాడొకడు తడిబట్టలతో ముందు నడిచాడు. ఆమెను మెట్ల మీదుగా చప్పుడు కాకుండా దించారు. నేను వీధితలుపు వేసి, వాళ్ళు తీసిన కిటికీలన్నీ ఒక్కొక్కటే మూసుకుంటూ వచ్చాను. వంటింటిది బతిమాలవలసి వచ్చింది. చివర బాల్కనీ తలుపు జరిపి, హ్యాండిల్ కిందికి తిప్పాను.

అన్నయ్య గదిలోంచి లేచి వచ్చి నా పక్కన నిలబడ్డాడు. వణుకు తగ్గింది. కింద పాడె రోడ్డెక్కింది. బంతిపూలు, గులాల్, వెనక ఆడవాళ్ళు. డప్పులవాళ్ళు ముందుకు వచ్చి, నడుం వంచి, మోకాళ్ళు ఆడిస్తూ అందుకున్నారు. పుల్లలు లేస్తున్నాయి, పడుతున్నాయి. ఒకడి మెడ నరాలు ఉబ్బాయి. కాలువగట్టు మీద నడిచేవాళ్ళు ఆగి ఇటు తిరిగారు. ఇంట్లో ఫ్రిజ్ మోత తప్ప ఏమీ వినిపించలేదు.

అన్నయ్య అద్దానికి నుదురు ఆనించి ఇష్టంగా చూస్తున్నాడు.

"ఎవరో పోయారురా," అన్నాడు. అద్దం మీంచి నుదురు తీయకుండానే, "మీ వదినని పిలు. ఇట్లాంటివి చూస్తానంటుంది," అన్నాడు.

నేను హ్యాండిల్ మీద చెయ్యి వేసి, గట్టిగా పడిందో లేదో మరోసారి చూశాను.